పెద్దవాళ్ల టీమ్‌లో ఆడనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో తెలుగు పిల్లల గురించి మీ పత్రికలో వచ్చే వార్తలు మా ఇంట్లో అందరం చదువుతాం. స్పెల్లింగ్ పోటీలు, లెక్కల పోటీలు, ఏ యూనివర్సిటీలో ఎవరికి సీటు వచ్చింది, ఎక్కువగా ఇవే ఉంటాయి. ఆట అంటే క్రికెట్. కానీ కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో (ఇక్కడ సాకర్ అంటారు) ఆడాలని తపించే తెలుగు పిల్లలు నాకు మా చుట్టుపక్కలే నలుగురు తెలుసు. వాళ్ల అమ్మానాన్నలు ఎవరిని అడగాలో తెలియక తిరుగుతున్నారు. మా అబ్బాయి విషయంలో నేనూ అలాగే తిరిగాను, ఒక ఏడాది పోయాక గానీ సంగతి అర్థం కాలేదు. కాలేజీ సెలక్షన్స్‌కు ముందు పిల్లల్ని పెద్దవాళ్ల లీగ్‌లో ఆడించాలన్నదే ఆ సంగతి. ఇంకొకరికి ఆ ఏడాది పోకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది సికింద్రాబాద్ లాలాగూడలో. ఇప్పుడు టెక్సస్‌లో ఇర్వింగ్. మా వాడు ఆరో ఏట నుంచి బంతి వదల్లేదు. హైస్కూల్ టీమ్‌లో ఆడాడు, దాంతోపాటు ఒక యూత్ క్లబ్‌లో చేర్పించి ఏటా వేల డాలర్లు కట్టాం. నిరుడు హైస్కూల్ అయిపోయింది. టెక్సస్‌లో హైస్కూల్ సాకర్ సీజన్ జనవరిలో మొదలై ఏప్రిల్‌తో సరి. క్లబ్‌లో వాడి వయసు గ్రూపు మే నెలతో ముగిసింది. కాలేజీ సెలక్షన్స్ ఏమో ఆగస్టులో. మధ్యలో రెండు నెలలు వాడికి టీమ్ లేదు, మ్యాచ్ లేదు. పార్కులో ఒక్కడే పరిగెత్తాడు, గరాజ్ గోడకు బంతి కొట్టుకున్నాడు, ఫోన్‌లో వీడియోలు చూసి డ్రిల్స్ చేశాడు. కష్టపడుతున్నాడు కదా అని నేనూ సంతోషించాను. ఆగస్టులో వాక్-ఆన్‌గా వెళ్లాడు, అంటే కోచ్ ముందే పిలవకుండా, స్కాలర్‌షిప్ లేకుండా మనంతట మనం వెళ్లి సెలక్షన్స్‌లో నిలబడటం. మొదటి రోజే పంపించేశారు. కోచ్ మర్యాదగానే చెప్పాడట, బంతి మీద పట్టు బాగుంది కానీ బంతి కాలి దగ్గరికి వచ్చాక ఆలోచిస్తున్నావు, ఇక్కడ రాకముందే ఆలోచించి ఉండాలి అని. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. "నాన్నా, వాళ్లంతా పెద్దవాళ్లతో ఆడి వచ్చారు, నేను గోడతో ఆడి వెళ్లాను" అన్నాడు. ఆ మాట నాకు ఇంకా గుర్తుంది.

కాలేజీ టీమ్‌లో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వాళ్లు ఉంటారు. యూరప్ నుంచి, ఆఫ్రికా నుంచి వచ్చి, అక్కడ క్లబ్బుల్లో పెద్దవాళ్లతో ఆడి చేరినవాళ్లూ ఉంటారు. తోటి వయసు పిల్లల మధ్య పెరిగిన కుర్రాడికి ఆ బలం, ఆ వేగం కొత్త. జిమ్‌లో కండలు పెంచుకోవచ్చు గానీ, వెనక మనిషి ఆనుకుని ఉండగా బంతి తీసుకోవడం, ఏ వైపు తిరగాలో బంతి రాకముందే చూసుకోవడం, మాటలతోనే పక్కవాడిని సరైన చోట నిలబెట్టడం, ఇవన్నీ మ్యాచ్‌లోనే వస్తాయి. అవి నేర్పే చోటు పెద్దవాళ్ల అమెచ్యూర్ లీగ్, అంటే వేరే ఉద్యోగాలు చేసుకుంటూ ఆడేవాళ్లది. మాకు ఖర్చు కూడా యూత్ క్లబ్ ఫీజుతో పోలిస్తే చాలా తక్కువే అయింది.

మాకు టీమ్ ఎలా దొరికిందంటే, ఒక రెఫరీ వల్ల. మా వాడు ఖర్చుల కోసం రెఫరీ కోర్సు చేసి శనివారాలు చిన్నపిల్లల మ్యాచ్‌లకు విజిల్ ఊదేవాడు. అక్కడ ఒక పెద్దాయన, ఆదివారం లీగ్ మ్యాచ్‌లు కూడా చేసే రెఫరీ, ఫలానా టీమ్‌కు మిడ్‌ఫీల్డ్‌లో మనిషి తక్కువయ్యాడు, వెళ్లి అడుగు అన్నాడు. ఏ టీమ్ పదిమందితో దిగుతోందో, ఏ మేనేజర్ మంచివాడో, ఏ టీమ్ వాళ్లు గొడవలు పెట్టుకుంటారో రెఫరీలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ఎవరు అడిగినా ముందు రెఫరీని అడగమనే చెబుతున్నాను. వేసవిలో చాలామంది సెలవులకు ఊళ్లు వెళ్తారు, టీమ్‌లకు మనుషులు కావాల్సిందే. గోల్‌కీపర్ అయితే ఎప్పుడైనా సరే చేతులు చాచి పిలుస్తారు.

రెండో దారి రాష్ట్ర సంఘం. యూఎస్ అడల్ట్ సాకర్ అసోసియేషన్ కింద ప్రతి రాష్ట్రంలో సంఘాలు ఉన్నాయి, పెద్ద రాష్ట్రాల్లో రెండేసి, మా వైపు నార్త్ టెక్సస్ సాకర్. వాళ్లకు ఫోన్ చేసి దగ్గర్లో ఏ లీగ్‌లు నడుస్తున్నాయో అడగండి, ఏ డివిజన్ అనేది కూడా అడగండి. సరదాగా ఆడే కింది డివిజన్‌లోనో, ఆడా మగా కలిసి ఆడే లీగ్‌లోనో చేరితే ఒళ్లు కదులుతుంది గానీ సెలక్షన్స్‌కు అది చాలదు. ఇవి కొత్తగా పుట్టుకొచ్చినవేమీ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాంటి లీగ్ 1902 నుంచి ఉంది, న్యూయార్క్‌లో కాస్మోపాలిటన్ లీగ్ 1923లో జర్మన్ వలసదారులు పెట్టుకున్నది, న్యూజెర్సీ తెలుగువాళ్లకు అది పక్కనే. అక్కడా ఇక్కడా ఎక్కువగా మనలా వలస వచ్చినవాళ్లే పెట్టుకున్నారు ఈ లీగ్‌లు, అందుకే కొత్త మనిషిని కలుపుకోవడం వాళ్లకు అలవాటు. మా వాడి టీమ్‌లో మెక్సికో, ఎల్ సాల్వడార్, నైజీరియా వాళ్లు ఉన్నారు. ఇళ్ల కప్పులు వేసే మేస్త్రీ కీపర్. వారమంతా ఎండలో పనిచేసి ఆదివారం పొద్దున ఏడింటికే గ్రౌండ్‌లో ఉంటాడు.

ఇంకా గట్టి ఆట కావాలంటే యూపీఎస్ఎల్, ఎన్‌పీఎస్ఎల్ లాంటి పై స్థాయి అమెచ్యూర్ లీగ్‌ల టీమ్‌లు ఓపెన్ ట్రైఅవుట్స్ (ఎవరైనా వచ్చి నిలబడగల సెలక్షన్స్) పెడతాయి. యూఎస్ఎల్ లీగ్ టూ అయితే వేసవిలో ఎక్కువగా కాలేజీ ఆటగాళ్లే ఆడే లీగ్, అందులో చోటు దొరకడం చాలా కష్టం. అయినా ఆ ట్రైఅవుట్స్‌కు వెళ్లిరావడమే ఒక పాఠం. నెంబర్ బనియన్ వేసుకుని, ముక్కూ మొహం తెలియని పదిమందితో ఇరవై నిమిషాల్లో తనేమిటో చూపించాలి, కాలేజీలో జరిగేదీ అదే. మా వాడు అలాంటివి రెండింటికి వెళ్లాడు, ఎక్కడా తీసుకోలేదు, కానీ రెండోసారి ముందున్న టెన్షన్ లేదు.

ఇంట్లో ఒప్పించడమే నాకు కష్టమైంది. "ఏమండీ, వీడికి పద్దెనిమిదేళ్లే, వాళ్లు ముప్పై ఏళ్ల మగాళ్లు, కాలు విరగ్గొడితే ఎవరు చూస్తారు" అంది మా ఆవిడ. ఆ భయం తప్పు కాదు. మొదటి మ్యాచ్‌లో మా వాడిని ఒకతను భుజంతో తోస్తే లైను అవతల పడ్డాడు, నేను లేచి నిలబడ్డాను. అతనే వచ్చి చెయ్యిచ్చి లేపి, బంతి తీసుకునే ముందు ఒక్కసారి వెనక్కి చూడు బాబూ అని చెప్పి వెళ్లాడు. అప్పటి నుంచి మా వాడు మెడ తిప్పి చూడటం నేర్చుకున్నాడు. క్లబ్‌లో కోచ్ అదే మాట ఎన్నో ఏళ్లు చెప్పాడు, ఎక్కలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చూసుకోండి, రాష్ట్ర సంఘం రిజిస్ట్రేషన్‌తో ఎంతవరకు ఇన్సూరెన్స్ వస్తుందో, మన సొంత ఇన్సూరెన్స్ దేనికి ఇస్తుందో ముందే కనుక్కోవాలి. పద్దెనిమిది నిండకపోతే తీసుకుంటారా, తల్లిదండ్రుల సంతకం కావాలా అనేది ఒక్కో లీగ్‌లో ఒక్కో రకంగా ఉంటుంది.

డబ్బు విషయం కూడా జాగ్రత్త. కొన్ని టోర్నమెంట్లలో గెలిచిన టీమ్‌కు క్యాష్ ఇస్తారు, ఆడినవాళ్లు పంచుకుంటారు. కాలేజీలో ఆడాలనుకునే పిల్లవాడు కాలేజీ కంప్లయన్స్ ఆఫీసును (ఆటల నిబంధనలు చూసే విభాగం) అడగకుండా ఆ డబ్బు ముట్టుకోకూడదు. ఇంకో సంగతి, ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంఘం) కింద ఉన్న కాలేజీల్లో గ్రౌండ్‌లోకి దిగాలంటే ఆరు నెలల లోపు చేయించిన వైద్య పరీక్ష కాగితం ఉండాలి, సికిల్ సెల్ (వంశపారంపర్య రక్త సమస్య) పరీక్ష ఫలితం కూడా అడుగుతారు. ఇక్కడ పుట్టిన పిల్లలకు పుట్టగానే ఆ పరీక్ష చేస్తారు, కాగితం కోసం పిల్లల డాక్టర్‌ను అడగాలి. మా వాడితో వచ్చిన ఒక అబ్బాయి ఈ కాగితం లేక బయటే కూర్చున్నాడు. ఏడాదంతా పరిగెత్తి కాగితం కోసం ఆగిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోయింది.

నిజం కూడా చెప్పాలి. దారి ఇరుకవుతోంది. కాలేజీ ఆటగాళ్లకు డబ్బు చెల్లించే విషయమై ఎన్‌సీఏఏ మీద నడిచిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత అందులో చేరిన డివిజన్ 1 (అన్నిటికన్నా పై స్థాయి) కాలేజీల్లో సాకర్ టీమ్‌కు 28 మందే, అంతకు మించి ఉంచుకోకూడదు. మొదట కోత పడేది వాక్-ఆన్ పిల్లలకే. మా టెక్సస్‌లో ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కు గానీ టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీకి గానీ అబ్బాయిల వర్సిటీ (అధికారిక కాలేజీ) సాకర్ టీమే లేదు, అమ్మాయిలకు ఉంది. సీటు వచ్చాక ఈ సంగతి తెలిసి నీరుగారిపోయిన పిల్లవాడిని చూశాను. కానీ ఆ రెండు చోట్లా విద్యార్థులు నడుపుకునే క్లబ్ టీమ్‌లు ఉన్నాయి, వాటికీ సెలక్షన్స్ ఉంటాయి, ఆట గట్టిగానే ఉంటుంది. ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వని డివిజన్ 3 కాలేజీలు, రెండేళ్ల జూనియర్ కాలేజీలు కూడా చూసుకోవాలి. అమ్మాయిలకైతే చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదనే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం వల్ల కాలేజీ టీమ్‌లు అబ్బాయిల కంటే చాలా ఎక్కువ, వేసవిలో ఆడటానికి డబ్ల్యూపీఎస్ఎల్, యూఎస్ఎల్ డబ్ల్యూ లీగ్ ఉన్నాయి. అమ్మాయిని పెద్దవాళ్ల టీమ్‌కు పంపడానికి మనవాళ్లు ఇంకా వెనకాడుతున్నారు, దయచేసి ఒక్కసారి వెళ్లి ప్రాక్టీస్ చూసి రండి.

మా నాన్నగారు రైల్వేలో పనిచేసేవారు. చిన్నప్పుడు ఆయన నోట ఎప్పుడూ రహీం సాబ్ పేరే. ఎస్.ఎ. రహీం గారి శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ (ఆనాటి బొంబాయి ఫుట్‌బాల్ టోర్నమెంట్) గెలిచింది, ఆయన కోచ్‌గా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు, అప్పటికి ఇరవై ఏళ్లు. పోలీసులు, రైల్వే ఉద్యోగులు, ఆఫీసుల వాళ్లు, వీళ్ల టీమ్‌లతో ఆడుతూనే మన హైదరాబాద్‌లో కుర్రాళ్లు ఆటగాళ్లయ్యారు. మా లాలాగూడలో కూడా అంతే, పదిహేనేళ్ల వాళ్లం అన్నల టీమ్‌లో పదకొండోవాడు రాకపోతే చాలు దిగిపోయేవాళ్లం. టెక్సస్ వచ్చి ఆ సంగతి నేను ఎలా మరిచిపోయానో తెలియదు.

అందుకే ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. క్రికెట్, వాలీబాల్ పోటీలు ఎంత బాగా నడుపుతున్నారో చూస్తున్నాం. జూన్, జులై నెలల్లో, పిల్లలకు టీమ్ లేని ఆ రెండు నెలలే, వారానికి ఒక సాయంత్రం గ్రౌండ్ తీసుకుని కాలేజీకి వెళ్లే పిల్లలనూ, హెచ్1బీ మీద వచ్చి ఆట వదిలేసిన ఇరవై ఐదేళ్ల, ముప్పై ఏళ్ల వాళ్లనూ కలిపి ఆడించండి. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఇంజనీరింగ్ కాలేజీ టీమ్‌లకు ఆడినవాళ్లు ఎంతమంది లేరు. మా సంఘంలో అడిగితే ఫుట్‌బాల్‌కు ఎవరొస్తారు సార్ అన్నారు. నలుగురు పిల్లల పేర్లు రాసిచ్చి వచ్చాను, ఇంకా జవాబు లేదు. మళ్లీ అడుగుతాను.

మా వాడు ఈ ఆగస్టులో అదే కాలేజీ సెలక్షన్స్‌కు మళ్లీ వెళ్తున్నాడు. రెండు మైళ్లు పన్నెండు నిమిషాల్లో పరిగెత్తమంటారు చాలామంది కోచ్‌లు, అది ఇప్పుడు వాడికి కష్టం కాదు. తీసుకుంటారో లేదో చెప్పలేను. ఆదివారం టీమ్ వాళ్లు మాత్రం తీసుకున్నా తీసుకోకపోయినా సెప్టెంబర్‌లో జెర్సీ నీదే అన్నారు. ఇర్వింగ్ వైపు ఎవరైనా మన పిల్లల కోసం వేసవి ఆట మొదలుపెడితే, మా గరాజ్‌లో రెండు గోల్ నెట్లు ఉన్నాయి, నేనే తెచ్చి కడతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఇర్వింగ్, టెక్సస్