ఎకో గది బయట నువ్వేనా?

చిన్నా,

మోటారు బాగైంది. వాషర్ పోయిందట, 300 తీసుకున్నాడు. మీ అమ్మ ఆవకాయ కలిపేసింది, ఈసారి కాయ పీచు లేకుండా దొరికింది. ఇవి చెబుదామనే రాస్తున్నా, ఇంకేం లేదు.

సుజాతత్త కొడుకు పోయిన మంగళవారం నిన్ను నిమ్స్ ఆసుపత్రిలో ఎకో గది బయట, అదే గుండె స్కానింగ్ తీసే చోట, బెంచీ మీద చూశాడట. చేతిలో ఫైలుందట, పిలిస్తే పలకలేదట. వాడి చూపు అంతంతమాత్రమే, నువ్వు కాకపోవచ్చు. కాకపోతే 12 రోజులుగా ఫోన్ ఎందుకు ఎత్తవురా, "మీటింగ్‌లో ఉన్నా" అన్న మెసేజ్ తప్ప?

సరే, నా సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు కదా. మూడేళ్ల కిందట యార్డులో సీజన్ మంచి ఊపు మీదుండగా మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. గ్యాసేలే అని ఆరు నెలలు సోడా తాగాను. ముప్ఫై ఏళ్లు మిర్చి బస్తాల మధ్య తిరిగినవాడికి అంతకంటే బుద్ధి ఎక్కణ్ణుంచి వస్తుంది! చివరికి బాబాయి లాక్కెళ్తే అందరూ గుండె అన్నారు. ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, ట్రెడ్‌మిల్ ఎక్కమన్నారు. నేను లుంగీలో ఉన్నాను. బాబాయి బాత్రూములోకెళ్లి తన ప్యాంటు విప్పి నాకిచ్చి, నా లుంగీ కట్టుకుని వరండాలో కూర్చున్నాడు. ఆ మిషన్ మూడేసి నిమిషాలకోసారి వేగమూ పెంచుతుంది, ఎత్తూ లేపుతుంది. 220లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం దాకా గుండె కొట్టుకోవాలట, 62 ఏళ్ల నాకు 134. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని ఎలాగో అందుకున్నా. గుండెకేం లేదన్నారు.

అప్పుడు ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపారు. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం. గట్టిగా పీల్చి ఒక్కసారిగా ఊది, ఆరు సెకన్లు ఆపకూడదు. "ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా" అని ఆ అమ్మాయి అరుస్తుంటే నాకేదో అయిందని మీ అమ్మ తలుపు తోసుకొచ్చేసింది. మూడుసార్లు ఊదించి, మందు పీల్పించి, పావుగంటాగి మళ్లీ ఊదిస్తే గాలి బాగా పెరిగింది. ఆస్తమా అని తేల్చారు. అప్పుడు నీకు అప్రైజల్ టైము, టెన్షన్ పడతావని చెప్పలేదు. నాది వేరు, నీది వేరు.

ఉపన్యాసం ఇవ్వనులే. ఒక్కటి మాత్రం విను, ఆ బెంచీ మీద నువ్వు కాకపోయినా సరే. ఈసీజీ బాగుందనగానే లేచి వచ్చేయకు. నొప్పి మొదట్లో అందులో తేలకపోవచ్చు, గుండె దెబ్బతిందేమో చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా కొన్ని గంటలాగి మళ్లీ చేస్తారు, ఉండమంటే ఉండు. ఛాతీ బరువెక్కి చెమటలు పడితే బండి తీయకు, 108కి కొట్టు. లైటర్ సంగతి మీ అమ్మకు నేను చెప్పలేదు, చెప్పేలా చేయకు. రాత్రి రెండింటిదాకా ఆ ల్యాప్‌టాప్ కూడా మానెయ్.

వేపచెట్టు కొట్టేశారు, ఇంట్లోకి ఎండ సూటిగా పడుతోంది. ఎకోకి ఎంత తీసుకున్నారు?

రిపోర్టులు ఫొటో తీసి పంపు. వెలుతురులో పెట్టి తియ్యి, ఆధార్ తీసినట్టు తీస్తే అక్షరం కనబడదు. ఆవకాయ సీసా శనివారం శేషు కారులో వస్తుంది. ఉప్పు తగ్గించమంటే బూజు పడుతుందని మీ అమ్మ నన్ను తిట్టింది, ఎందుకని కూడా అడిగింది. ఏదో చెప్పాను. నువ్వే కాస్త తక్కువ వేసుకో.

నాన్న