కట్రా జైమల్ సింగ్‌లో బేరం నేర్పిన ఆంటీకి

అమృత్‌సర్ కట్రా జైమల్ సింగ్ బజార్లో ఫుల్కారీ (పంజాబీ ఎంబ్రాయిడరీ) దుపట్టాలు చూస్తుంటే పక్కన కూర్చుని, నాకు పంజాబీలో బేరమాడడం నేర్పిన పెద్దావిడకి బోలెడు థ్యాంక్స్. ఆంటీ, మీకు తెలుగు రాదు, ఇది చదవరు, అయినా రాయాలనిపించింది.

మా విజయవాడ బీసెంట్ రోడ్డులో బేరమంటే ముందు సగానికి అడగడం, ఇవ్వనంటే వెళ్ళిపోతున్నట్టు నాలుగడుగులు వేయడం. అదిక్కడ వద్దన్నారు మీరు. ముందు సత్ శ్రీ అకాల్ అని నమస్కారం చెప్పు, భాజీ (అన్నయ్యా) అని పిలువు, ఆ తర్వాతే "ఏ కిన్నే దా హై జీ?" అని ధర అడుగు, తగ్గించమనాలంటే "థోడా ఘట్ కర్ లవో జీ" అను, చివర్లో ఆ జీ మాత్రం వదలకు, అన్నీ కుదిరినా నచ్చకపోతే "ఫేర్ ఆవాంగే జీ" (మళ్ళీ వస్తామండీ) అని నవ్వుతూ లేచిపో, సరుకుకి వంకలు పెట్టకు అని హిందీ కలిపి ఎంత ఓపిగ్గా చెప్పారో! షాపాయన కూడా అడ్డుపడకుండా నవ్వుతూ విన్నాడు (పాపం, నష్టం ఆయనకే కదా).

ఇంకో మంచి పని, దుపట్టా తిరగేసి చూడమన్నారు. చేత్తో కుట్టిన ఫుల్కారీలో దారం ఎక్కువగా పైవైపే పరుచుకుంటుంది, వెనక చిన్న చిన్న చుక్కల్లాగే కనిపిస్తుంది. మెషిన్ పనికి ఎక్కువ ఇవ్వకుండా బయటపడ్డానంటే మీవల్లే. ధర మరీ తగ్గలేదు గానీ, వచ్చేటప్పుడు షాపాయన టీ ఇప్పించాడు.