డిక్కీలో పన్నెండున్నర అంగుళాలు: ఏటీఎఫ్ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

అమెరికాలో తుపాకుల చట్టాలు అమలు చేసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కి గౌరవనీయులైన డైరెక్టర్ గారికి,

నమస్కారం. నా దగ్గర ఒక రైఫిలు ఉంది. దాని గొట్టం పొడవు 12.5 అంగుళాలు. రైఫిలు గొట్టం పదహారు అంగుళాలకి తగ్గితే ఫెడరల్ చట్టం ప్రకారం మీ దగ్గర రిజిస్టరు చేయించాలి. మీరు ఆమోదించిన కాగితం ఉన్నంతకాలం అది నా ఆస్తి. ఆ కాగితం లేకపోతే అదే ఇనుముకి పదేళ్ళ దాకా జైలు. ఇంతవరకు నాకు పేచీ లేదు. ఆ కాగితం ఎవరికి చూపించాలి, చూసినవాడు దాన్ని ఏ ధైర్యంతో నమ్మాలి అన్న దగ్గరే పేచీ.

ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పోస్టు చేశాను. తెలుగులో రాయడం మా వాళ్ళ కోసం. నేను వచ్చిన కొత్తలో డాలస్‌లో మనవాళ్ళ ఇళ్ళల్లో తుపాకి మాటెత్తితే అదోలా చూసేవాళ్ళు. ఇప్పుడు శనివారం పొద్దున రేంజికి వెళితే పక్క వరసలోంచి "ఒరేయ్, చెవులు మూసుకోరా" అని వినపడుతోంది. కొన్నవాళ్ళలో చాలామందికి గొట్టం పొడవుకి చట్టంతో పని ఉందనే తెలియదు.

పోయిన నవంబరులో ఒక ఆదివారం. స్నేహితుడి పొలంలో అడవి పందుల వేటకు వెళ్ళి, నేనూ మా బావమరిదీ తిరిగి వస్తున్నాం. ఒక్క పందీ పడలేదు, అది వేరే సంగతి. చీకటి పడింది. వెనక దీపం ఒకటి వెలగడం లేదని ఒక డెప్యూటీ, అంటే కౌంటీ పోలీసు, మమ్మల్ని ఆపాడు. ఏ కౌంటీయో చెప్పను, ఎందుకంటే అతని తప్పేమీ లేదు. పాతికేళ్ళ కుర్రాడు, మర్యాదస్తుడు. చేతులు స్టీరింగు మీదే ఉంచి, డ్రైవింగ్ లైసెన్సూ తుపాకి లైసెన్సూ కలిపి ఇచ్చాను. "కారులో ఆయుధాలున్నాయా సార్?" అన్నాడు. డిక్కీలో రైఫిలు ఉంది, పెట్టెలో, ఖాళీగా అన్నాను. చూడొచ్చా అంటే చూడమన్నాను.

జిప్పు తీసి టార్చి వేశాడు. కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చేతివేళ్ళు చాపి గొట్టం మీద జానెడు కొలిచాడు. ఒక జాన, ఇంకో సగం. నా వైపు తిరిగి "ఇది పొట్టిగా ఉందే" అన్నాడు.

కాగితం ఫోన్‌లో ఉంది, పీడీఎఫ్‌గా. అక్కడ సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. మెయిల్ తెరుచుకోలేదు. చివరికి పాత డౌన్‌లోడ్లలో దొరికితే ఫోను అతని చేతికిచ్చాను, తాళం తీసి మరీ. వారంటు లేకుండా పోలీసులు ఫోన్ వెతకకూడదని 2014లో సుప్రీంకోర్టు చెప్పిందన్న సంగతి నాకు తెలుసు. కాని ఆ రోడ్డు పక్కన సుప్రీంకోర్టు గుర్తుకు రాదు, తొందరగా ఇంటికి పోదామనే ఉంటుంది. అతను టార్చి నోట్లో కరుచుకుని, తుపాకి మీద నంబరునీ ఫోన్‌లో నంబరునీ ఒక్కో అంకె చూసి పోల్చుకున్నాడు. సరిపోయింది. అప్పుడు అడిగాడు అసలు ప్రశ్న: "ఈ కాగితం నిజమైందని నాకెలా తెలుస్తుంది సార్?"

నా దగ్గర జవాబు లేదు. అతని ఆఫీసు దగ్గరా లేదు. రేడియోలో నంబరు చెప్పాడు. దొంగసొత్తు కాదని వచ్చింది. అంతకుమించి అక్కడ తెలిసేదేమీ లేదు, ఎందుకంటే రిజిస్టరు మీ దగ్గర ఉంది, పన్ను రికార్డుగా. పన్ను రికార్డు గోప్యం. మీ పద్దులో నా పేరుందో లేదో ఆ డెప్యూటీకి చెప్పే మీట ఏదీ లేదు. ఆ గోప్యత నాకూ కావాలి, దానికి తర్వాత వస్తాను. నలభై నిమిషాల తర్వాత పైవాడెవరితోనో మాట్లాడి, "మీ మాట మీద వదిలేస్తున్నాను, దీపం బాగు చేయించుకోండి" అని పంపేశాడు.

ఆ నలభై నిమిషాలూ బావమరిది పక్క సీట్లో బొమ్మలా కూర్చున్నాడు. ఇంటి సందు తిరిగాక నోరు విప్పాడు. "బావా, నాది గ్రీన్ కార్డు."

నేను సిటిజన్‌ని. వాడు కాదు. ఈ పొట్టి గొట్టాల రిజిస్టరు పెట్టిన మీ 1934 చట్టం కింద శిక్ష పడితే నాకు జైలు, జరిమానా. వాడికి అవి అయ్యాక దేశం వదలడం కూడా. వలస చట్టం తీవ్ర నేరాల జాబితాలో ఈ రిజిస్టరు కాని తుపాకి నేరాన్ని సెక్షను నంబరుతో సహా, 5861 అని, రాసి పెట్టారు. మరి రిజిస్టరు అయిన తుపాకి కదా, వాడికేం భయం అంటారా? వినండి. దారిలో పెట్రోలు బంకు దగ్గర నేను కాఫీకి లోపలికి వెళ్ళాను. తాళాలు కారులోనే ఉన్నాయి, వాడు కారులోనే ఉన్నాడు, తుపాకి డిక్కీలో ఉంది. కాగితం మీద ఉన్నది నా పేరు ఒక్కటే. ఆ అయిదు నిమిషాలు ఆ రైఫిలు ఎవరి దగ్గర ఉన్నట్టు? ఇద్దరు వకీళ్ళని అడిగాను. ఇద్దరూ "మామూలుగా ఏమీ కాదు" అన్నారు. 'మామూలుగా' అన్న మాట మీద గ్రీన్ కార్డు పెట్టి బతకమంటారా?

మా ఆవిడ సంగతీ అంతే. ఆ కారు ఇద్దరిదీ. రేంజి నుంచి వచ్చి నేను డిక్కీ ఖాళీ చేయడం మరిచిపోతే, పొద్దున్నే ఆవిడ కూరగాయలకని వెళితే, రిజిస్టరులో పేరు లేని మనిషి చేతిలో రిజిస్టరు అయిన తుపాకి. దీనికి మందుగా ట్రస్టు పెట్టి, తుపాకిని దాని పేర రాయించుకోమంటారు. ట్రస్టు తరఫున తుపాకి దగ్గర పెట్టుకునే అధికారం ఉన్న ప్రతి ఒక్కరూ 2016 నుంచి వేలిముద్రలు, ఫోటో ఇవ్వాలి. తుపాకి వంక చూడడానికే ఇష్టపడని మనిషిని, నా మతిమరుపు కోసం వేలిముద్రలు ఇవ్వమని అడగాలి. అడిగాను లెండి. ఏమన్నదో ఇక్కడ రాయను.

ఇక చూపించాలా వద్దా అన్న ముక్క. మీ చట్టంలో ఉన్నది ఒకటే వాక్యం: రిజిస్ట్రేషన్ రుజువు యజమాని దగ్గర ఉంచుకోవాలి, అటార్నీ జనరల్ అడిగితే చూపించాలి. అంటే మీ మనుషులు అడిగితే. కౌంటీ డెప్యూటీ మాట అందులో లేదు. టెక్సస్ చట్టం చూస్తే, చేతి తుపాకి పెట్టుకున్న లైసెన్సుదారు, పోలీసు గుర్తింపు అడిగినప్పుడు లైసెన్సు చూపాలంటుంది. రైఫిలు గురించి మౌనం. పైగా ఇక్కడి నిషిద్ధ ఆయుధాల జాబితాలోంచి పొట్టి గొట్టం తుపాకుల్ని 2025 సెప్టెంబరు 1 నుంచి తీసేశారు. మమ్మల్ని ఆపేనాటికి రెండున్నర నెలలయింది. అంటే ఆ కుర్రాడు రాష్ట్ర చట్టంలో లేని నేరం కోసం, తాను చూడలేని ఫెడరల్ పద్దు ప్రకారం, నాకు చూపే బాధ్యత ఉందో లేదో తెలియని కాగితాన్ని పరీక్షించాడు. చూపించనని మొండికేస్తే ఏం జరిగేది? అతనికీ తెలియదు. ఇద్దరికీ తెలియని చోట, చీకట్లో, ఒకడి నడుముకి పిస్తోలు ఉన్నచోట, ఆ తెలియకపోవడం చిన్న సంగతి కాదు. 2016 జులైలో మినెసోటాలో ఫిలాండో కాస్టిల్ తన దగ్గర తుపాకి ఉందని ముందే మర్యాదగా చెప్పాడు. అతనికి లైసెన్సు కూడా ఉంది. ఆ కారులోనే అతన్ని కాల్చారు. కాల్చిన అధికారి నిర్దోషి అని మరుసటి ఏడు తీర్పు వచ్చింది.

మా తాతది మార్కాపురం వైపు. పంట కాపలాకి మందు కూరి పేల్చే తుపాకి ఒకటి ఉండేది, లైసెన్సుతో. లైసెన్సు పుస్తకం పాత ధోవతి గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టేవాడు. ఎన్నికలొస్తే తుపాకి స్టేషన్‌లో ఇచ్చి రసీదు తెచ్చుకునేవాడు. ఆ రసీదు కూడా అదే గుడ్డలో. అక్కడి పద్ధతి గొప్పదని చెప్పను. లైసెన్సు కోసం ఆయన తాలూకా ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కాడో నాకు తెలుసు. అక్కడా పొట్టి గొట్టమంటే భయమే. 1959 ఆయుధాల చట్టం ఆరో సెక్షను, లైసెన్సు లేకుండా గొట్టం కురచ చేయకూడదంటుంది. రక్షణకో వేటకో అడిగే సాదా గొట్టం తుపాకికి ఇరవై అంగుళాల కొలత కూడా ఆ చట్టంలోనే పెట్టారు. కాని పందొమ్మిదో సెక్షను ఒకటుంది: ఆయుధం పట్టుకున్నవాణ్ణి ఏ పోలీసు అధికారైనా లైసెన్సు చూపమని అడగవచ్చు. అంతే. చదువురాని మా తాతకి తెలుసు ఎవరు అడిగితే గుడ్డ విప్పాలో. రెండు డిగ్రీలున్న నాకు తెలియదు.

ఆ పదహారు అంగుళాల గీత ఎక్కడిదో కూడా మీకు నేను చెప్పాల్సింది కాదు గాని, మా వాళ్ళకి తెలియాలి. 1934లో బిల్లు తెచ్చినప్పుడు పిస్తోళ్ళూ రివాల్వర్లూ కూడా అందులో ఉన్నాయి. రైఫిలు కోసి పిస్తోలుగా వాడుకుని తప్పించుకుంటారని పొట్టి గొట్టాలనీ చేర్చారు. తర్వాత పిస్తోళ్ళని బిల్లులోంచి తీసేశారు. పొట్టి గొట్టాలు మాత్రం ఉండిపోయాయి. ఇల్లు అమ్మేసి గేటుకి కాపలా పెట్టుకున్నట్టు. అప్పట్లో రైఫిలుకైనా షాట్‌గన్‌కైనా 18 అంగుళాలే. 1960 కల్లా రైఫిలుకి 16 అయింది. 200 డాలర్ల పన్ను, ఆ రోజుల్లో చాలా తుపాకుల ఖరీదుకంటే ఎక్కువ, తొంభై ఏళ్ళు అలాగే ఉండి, 2026 జనవరి 1 నుంచి వీటికి సున్నా అయింది. పన్ను పోయింది, పద్దు పోలేదు.

ఫలితం ఏమిటంటే, ఇదే 12.5 అంగుళాల తుపాకి వెనక భుజానికి ఆనించే కట్టు లేకుండా పిస్తోలుగా తయారైతే, టెక్సస్‌లో అర్హత ఉన్నవాడు లైసెన్సు కూడా లేకుండా కారులో పెట్టుకు తిరగొచ్చు. కాగితం లేకుండా కట్టు తగిలిస్తే పదేళ్ళ దాకా జైలు. మధ్యలో ఆ చేతికి చుట్టుకునే పట్టీ, బ్రేస్, దాని కథ మీకు ఇష్టం ఉండదు. 2012లో సరే అన్నారు. 2015లో భుజానికి ఆనిస్తే కొత్త ఆయుధం చేసినట్టే అన్నారు. 2017లో ఆ మాట మెత్తబడింది. 2023 జనవరిలో కొత్త రూలు తెచ్చి, మే 31 లోపు రిజిస్టరు చేయండి లేదా విప్పేయండి అన్నారు. ముప్పై లక్షల పట్టీల మీద ప్రభావమని మీ లెక్కే. 2024 జూన్‌లో ఇక్కడి ఫెడరల్ కోర్టే దాన్ని కొట్టేసింది. పదకొండేళ్ళలో మీకే ఇన్ని మాటలు మారితే, టార్చి నోట్లో పెట్టుకున్న కుర్రాడు జానతో కొలిచి ఏం తేలుస్తాడు?

కొలత కూడా చూసినంత సులువు కాదు. బోల్టు మూసి, గొట్టంలోకి కర్ర దించి, లోపల తగిలిన చోటు నుంచి మూతి దాకా కొలవాలి. మూతికి బిగించిన తొడుగు వెల్డింగు లాంటి పద్ధతిలో శాశ్వతంగా ఉంటేనే లెక్కలోకి వస్తుంది. మరతో తిప్పి తీసేదయితే రాదు. మా గ్యారేజీలో ఒక సన్నకర్ర ఉంది, పదహారు దగ్గర పెన్సిలు గీతతో. దాన్ని చూసి మా పనిమనిషి చీపురు విరిగిందనుకుని పారేయబోయింది. ఆ గీతకి అటూ ఇటూ ఒక మనిషి జీవితం మారిపోతుందంటే ఆవిడ నమ్మదు. నిజానికి నాకూ పూర్తిగా నమ్మకం కుదరలేదు.

తుపాకికి ఉన్న లక్షణాలు నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని 1994లో సుప్రీంకోర్టు అన్నది, మెషీన్‌గన్ కేసులో. మంచి తీర్పే. కాని అది కోర్టులో పనికొచ్చే తీర్పు. వకీలుకి డబ్బు పోసి, తుపాకి వాళ్ళ దగ్గర వదిలి, ఉద్యోగంలో సంజాయిషీ చెప్పుకుని అక్కడిదాకా వెళ్ళినవాడికి పనికొస్తుంది. రోడ్డు పక్కన కాదు.

అయ్యా, నేను చట్టం ఎత్తేయమనడం లేదు. ఎత్తేస్తే సంతోషిస్తాను, అది కాంగ్రెస్ పని. మీ చేతిలో ఉన్నది అడుగుతున్నాను. ఆ ఆమోదపు కాగితం మీద ఒక సంకేతం వేయించండి. నేను ఇష్టపడి ఆ సంకేతం ఇస్తేనే, డెప్యూటీ ఫోను చేస్తే, ఈ నంబరు పద్దులో ఉంది లేక లేదు అన్న ఒక్క ముక్క చెప్పే ఏర్పాటు చేయండి. పేరు వద్దు, అడ్రసు వద్దు, నా దగ్గర ఇంకేం ఉన్నాయో అసలే వద్దు. రిజిస్టరుని పోలీసులందరికీ తెరవమని నేను చచ్చినా అడగను. దానికి ఎదురు చెప్పేవాళ్ళలో మొదట నేనే ఉంటాను. పన్ను వివరం గోప్యమన్న చట్టంలోనే, ఎవరి వివరమో వాళ్ళు ఒప్పుకుంటే ఇవ్వడానికి దారి ఉంది కదా, ఆ దారిన రండి. అలాగే ఆ కాగితం చూడడానికి ఎలా ఉంటుందో, దాన్ని అడిగే హక్కు స్థానిక పోలీసుకి ఉందో లేదో, ఒక పేజీలో రాసి ప్రతి షెరిఫ్ ఆఫీసుకీ పంపండి. అదే పేజీ మాకూ ఇవ్వండి. పెట్రోలు బంకు దగ్గరి ఆ అయిదు నిమిషాలకీ, మా ఆవిడ కూరగాయల ప్రయాణానికీ రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. మీ సంతకంతో, 'మామూలుగా' అన్న మాట లేకుండా.

ప్రస్తుతానికి కాగితాన్ని కుదించి ప్రింటు తీసి, లామినేషన్ చేయించి రైఫిలు పెట్టెలోనే పెట్టాను. ఇక ఫోను ఎవరి చేతికీ ఇవ్వను. వెనక దీపం మార్పించాను. మొన్న సంక్రాంతి అయ్యాక మళ్ళీ ఆ పొలానికే వేటకు వెళ్ళాం. మా బావమరిది తన కారులో వచ్చాడు, నా వెనకే, అరమైలు దూరంలో.

ఇట్లు,
ఒక తెలుగువాడు,
ఫ్రిస్కో, టెక్సస్