కొండగుడి కబురు

ఒరేయ్ 35,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, తిట్టాల్సిందే. ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నదానికి ముందు పళ్లు రెండూ ఊడాయి, మేడ గది స్లాబు ఇంకా కారుతూనే ఉంది. అవన్నీ తర్వాత. మొన్న ఆదివారం సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పిల్లల్ని ఫోన్ల దగ్గర్నుంచి లాగి కంబాలకొండకి తీసుకెళ్దామనుకున్నాం. అమ్మ అడ్డం తిరిగింది. "ఆ అడవిలో ఏటుందిరా, కొండగుడికి పదండి" అంది. మేడ మెట్లెక్కడానికే మోకాళ్లు పట్టుకునే మనిషి! మరియమాత కొండగుడి ఉన్న రాస్ హిల్ ఎక్కగలవా అంటే ఒక చూపు చూసింది. జామకాయల రోజు మనిద్దర్నీ చూసిందే, ఆ చూపు.

ఎండ ముదరకముందే వైజాగ్ పాతూళ్లో బండి పెట్టి బయల్దేరాం. కొండగుడి, వెంకన్న గుడి, దర్గా మూడు కొండలూ పక్కపక్కనే ఉన్నా, కొండగుడి ఒక్కటీ చూసి మళ్లీ బండి దగ్గరికే రావాలని ప్లాను. దారి పక్క తుప్పలే పిల్లలకి అడవి. 1864లో రాస్ అనే దొర ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత ఆ ఇల్లే ప్రార్థనా మందిరమైంది అని పెద్దదానికి చెప్పా. "మరి పాలు, కూరలు పైకి ఎవరు మోసేవారు?" అంది. నిజమే కదరా, ఎవరు మోసేవారు?

అమ్మ మాత్రం కొంగు బిగించి అందరికంటే ముందు నడిచింది. పైన మరియమాత ముందు సంచిలోంచి రెండు కొవ్వొత్తులు తీసింది. ఇంటినుంచే తెచ్చింది, పాత పేపర్లో చుట్టి! రేవు వైపు నుంచి ఒకటే గాలి. ఏడెనిమిది అగ్గిపుల్లలు వృథా. చివరికి కొంగు అడ్డం పట్టి వెలిగించింది, అంచు చుర్రుమంది. నేను గబుక్కున నలిపి ఆర్పేసరికి రూపాయి బిళ్లంత కన్నం. ఆవిడ అటు చూడనే లేదు. "ఇది నీది. అది వాడిది" అంది.

వాడెవడు? నువ్వేరా!

టెన్త్ లెక్కల పరీక్ష ముందురోజు, మీ ఇంట్లో చదువుకుంటున్నామని చెప్పి బీచ్‌కి పోయాం చూడు. ఆ సాయంత్రం ఆవిడ ఒక్కతే ఇక్కడికొచ్చి మొక్కుకుందట, ఈ ఎదవలిద్దరూ గట్టెక్కితే చెరో కొవ్వొత్తీ వెలిగిస్తానని. 27 ఏళ్ల కిందటి బాకీ! మోకాళ్ల నొప్పులు అందుకేనని ఆవిడ నమ్మకం. మనమేమో ఇన్నాళ్లూ ఆ పుణ్యమంతా ముందు బెంచీ వాడి ఖాతాలో వేశాం.

నవ్వబోయా. "ఆ ఏడాదే కదరా వాళ్లమ్మ పోయింది, వాడికోసం మొక్కడానికి ఇంకెవరున్నారు" అంది. ఇంక నేనేం మాట్లాడను. సరే, అది కలిసినప్పుడు...

కింద డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓ పెద్ద ఓడ మెల్లగా లోపలికొస్తుంటే పిల్లలు గొంతు చించుకుని చేతులూపారు. ఇంతలో అమ్మకి కొత్త బెంగ: ఇంతదూరం వచ్చి వెంకన్నని చూడకపోతే ఆయన అలుగుతాడట. ఓడలు కూడా దర్గాకి సలాం కొట్టి గానీ పోవని మా తాత చెప్పేవాడు, కాబట్టి అక్కడికీ వెళ్లాలట. మూడూ తిప్పింది! మా ఆవిడా నేనూ రెండ్రోజులు కుంటాం. అమ్మ మాత్రం ఇంటికొచ్చి పప్పు రుబ్బింది.

డిసెంబరు 8న కొండగుడి పండగ. నువ్వు రావాల్సిందేనని ఆర్డరు. కొంగు కన్నం అగరొత్తి వల్లని నాన్నకి చెప్పాం, ఫోన్లో నోరు జారకు. అన్నట్టు మన జామచెట్టు... అయ్యో, స్కూలు ఆటో వచ్చేసింది, చిన్నదాని రెండో చెప్పు కనపడట్లేదు, ఉంటా