మా ఊరి కమ్యూనిటీ హాలుకు చేయి వేసిన అందరికీ

హాలు తెరిచి ఏడాది నిండింది. మొన్న గ్రామసభలో లెక్కలు చదివాక, సాయం చేసినవాళ్లకు పేరు పేరునా దండాలు చెప్పుకోవాలని కమిటీలో అనుకున్నాం. ఇందులో పేర్లు రాయొద్దని సగం మంది ముందే ఒట్టు పెట్టించుకున్నారు. అందుకని ఎవరు ఏం చేశారు, అది ఎందుకు పనికొచ్చింది అనేదే రాస్తున్నాం. పల్నాడులో మాలాంటి నల్లరేగడి ఊళ్లు బోలెడు. హాలు కట్టుకోవాలనుకునేవాళ్లకు ఇందులో ఏదో ఒకటి అక్కరకు రావచ్చు.

ముందుగా స్థలం ఇచ్చిన పెద్దాయనకూ, ఆయన ఇద్దరు కూతుళ్లకూ. 12 సెంట్లు, బడికి ఎదురుగా, తారురోడ్డు పక్కన. ఆ చోటు గొప్పదనమల్లా అది ఏ బజారుదీ కాకపోవడమే. ఒక బజారు మధ్యలో కడితే పేరుకు కమ్యూనిటీ హాలే గానీ నాలుగేళ్లకు ఆ బజారువాళ్ల హాలైపోతుంది, మిగతావాళ్లు పెళ్లికి టౌనులో మండపం వెతుక్కుంటారు. స్థలం నోటిమాట మీద ఇస్తే చెల్లదు. గిఫ్టు డీడు రాసి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించి రిజిస్టరు చేయించాలి. పుచ్చుకునేవాళ్లు దాత బతికుండగానే పుచ్చుకోవాలి. మా హాలు విషయంలో పుచ్చుకున్నది పంచాయతీ. తీర్మానం ముందు, రిజిస్ట్రేషన్ తర్వాత. సాక్షులుగా ఎవరున్నా చట్టానికి సరిపోతుంది. అయినా కూతుళ్లిద్దరూ అత్తగారి ఊళ్ల నుంచి పనిగట్టుకుని వచ్చి సంతకాలు పెట్టారు. రేపు వారసులుగా అడగాల్సినవాళ్లే సాక్షులైతే ఇక పేచీ పెట్టేదెవరు?

నడిపే బాధ్యత సొసైటీది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురుంటే చాలు, మేం ప్రతి బజారు నుంచీ కలిపి 11 మందిని పెట్టుకున్నాం. కాగితాలన్నీ రాసిపెట్టి రూపాయి తీసుకోని ప్లీడరుగారికి కృతజ్ఞతలు. బైలాలో (సొసైటీ నియమావళిలో) ఆయన పట్టుబట్టి రాయించిన రెండు మాటలకు మరీ మరీ కృతజ్ఞతలు. ఒకటి, హాలుకు ఏ మనిషి పేరూ పెట్టకూడదు. రెండు, కోశాధికారి వరసగా రెండు విడతలకు మించి ఉండకూడదు. దాతల పేర్లన్నీ గుమ్మం పక్కన ఒకే రాతి పలక మీద, అక్షరక్రమంలో, ఒకే సైజులో ఉన్నాయి. వస్తువుల మీద పేర్లు రాయించడం మాత్రం వద్దనుకున్నాం. ట్యూబులైటు మీద దాత పేరు పెద్దక్షరాల్లో రాస్తే కింద చీకటే మిగులుతుంది కదా.

విదేశాల్లో ఉన్న మా ఊరి పిల్లలకు. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి, డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. మాలాంటి చిన్న సొసైటీకి అది అయ్యే పని కాదు. ఇద్దరి డబ్బు తిప్పి పంపాల్సి వచ్చింది. వాళ్లు నొచ్చుకోలేదు సరికదా, హాలు బుకింగుల పట్టిక ఫోన్లో అందరికీ కనపడేలా తయారుచేసి ఇచ్చారు. ఒకే ముహూర్తానికి ఇద్దరికి మాటిచ్చే గొడవ దాంతో పోయింది.

ఇక ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరైన బాబాయిగారు. ఆయన చేసిన మొదటి సాయం మమ్మల్ని ఆపడం. హాలు లోపల 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. మొత్తానికి స్లాబు వేయాలని ఊరందరి కోరిక. మధ్యలో స్తంభం లేకుండా 30 అడుగులు దాటాలంటే ఒక్కో బీము రెండున్నర అడుగుల లోతు ఉండాలి, ఆ బరువంతా దిగేది రేగడి మీదికి. స్తంభాలు నిలబెడితేనేమో భోజనాల బంతి వేయడానికి అడ్డం. అందుకని హాలుకు ఇనుప ట్రస్సులు, రంగు రేకులు. వెనక రెండు గదులకూ సామాన్ల గదికీ మాత్రమే స్లాబు.

రేగడి సంగతి తెలిసిందే. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. దానిమీద నాలుగడుగుల్లో పునాది తేల్చేస్తే గోడ మూలన మెట్లు మెట్లుగా పగుళ్లు రావడానికి ఎన్నో ఏళ్లు పట్టదు. మాకు ఏడడుగుల్లో గరుసు, అంటే గట్టి గులకమట్టి, తగిలింది. అక్కడిదాకా తవ్వించి ఫుటింగులు (పునాది కాంక్రీటు దిమ్మెలు) వేసి, పైన గోడల కింద చుట్టూ తిరిగే కాంక్రీటు పట్టీతో (ప్లింతు బీముతో) బిగించారు. గచ్చు కింద కూడా మూడడుగుల రేగడి ఎత్తిపోసి గరుసు నింపాం. ట్రాక్టర్లతో ఒకేసారి గుమ్మరించి పైన నీళ్లు చల్లితే అది అణగదు. ఎనిమిది అంగుళాలకో పొర వేసి, తడిపి, రోలరు తిప్పి, ఆ తర్వాతే పై పొర. గోడల చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా సిమెంటు అరుగు పోయించారు. వాననీళ్లు పునాది పక్కన ఇంకకుండా కాపాడేది ఇదే. డబ్బు చాలనప్పుడు అందరూ ముందు ఎగ్గొట్టేదీ ఇదే! గోడ పక్కన వేప నాటుదామన్నవాళ్లను కూడా ఆయన నాటనివ్వలేదు. ఎండాకాలం వేళ్లు మట్టిలో తడి లాగేస్తే ఆ మూల కుంగుతుంది. చెట్లు 20 అడుగులు ఎడంగా ఉన్నాయి.

మేస్త్రి మామకు. గదుల స్లాబుకు సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు. ఇది ఎవరైనా చెప్తారు. తేడా వచ్చేది నీళ్ల దగ్గర. మాలు పలచగా ఉంటే పోయడం తేలిక, అందుకని కలిపేవాళ్లు ఇంకో బకెట్టు ఒంపేస్తారు. గట్టిపడ్డాక ఆ ఎక్కువైన నీళ్లు ఆరిపోయిన చోటల్లా సూది బెజ్జాలు మిగులుతాయి, ఇల్లు కారేది వాటిలోంచే. మామ 50 కిలోల బస్తాకు 27 లీటర్లు లెక్కగట్టి, రెండు బకెట్ల లోపల ఎర్ర రంగుతో గీత గీశాడు. గీత దాటి పోసినవాడికి ఆ పూట టీ లేదు. స్లాబు మీద మడులు కట్టి పది రోజులు నీళ్లు నిలబెట్టాడు. 12 అడుగుల గదులే కాబట్టి సపోర్టులు ఏడు రోజులకు తీయొచ్చు, అయినా పద్నాలుగు ఆగాడు. గచ్చుకు మాచర్ల వైపు నాపరాయి తెప్పించింది కూడా ఆయనే. టైల్సు మీద సాంబారు ఒలికితే వడ్డించేవాడు జారతాడు. పాలిష్ పట్టని నాపరాయి జారదు, గుండిగ ఈడ్చినా చెక్కుచెదరదు.

రేకులే మొదటి వానకు ఆరు చోట్ల కారాయి. వచ్చి చూసి బాగుచేసిన వెల్డింగు షాపు తమ్ముడికి రుణపడి ఉన్నాం. తప్పు రేకుది కాదు, స్క్రూలది. కొన్ని గాడిలో కొట్టారు, నీళ్లు పారేదే గాడిలో. గట్టు మీద కొట్టాలి. మిగతావి మెషిన్‌తో మరీ బిగదీశారు. అలా చేస్తే తల కింద రబ్బరు వాషరు నలిగి పక్కలకు ఉబికి, ఒక ఎండాకాలానికే చిట్లిపోతుంది. వాషరు కాస్త అణిగి చదునుగా కూర్చుంటే చాలు, అక్కడ ఆపాలి. తమ్ముడు గాడిలో బెజ్జాలు సీలెంటు, రివెట్లతో మూసి, స్క్రూలన్నీ మార్చి కొట్టాడు. ట్రస్సు పైన గాలికి తిరిగే వెంటిలేటర్లు నాలుగు పెట్టాడు. రేకు కింద చేరిన వేడికి పైకి పోయే దారి లేకపోతే ఫ్యాన్లు ఆ వేడినే మన నెత్తిన కుమ్మరిస్తాయి. జోరువానలో మాత్రం పంతులుగారి మంత్రం ముందు వరసకైనా వినపడటం లేదు. రేకుల కింద పలకలు వేయించాలి, అది వచ్చే ఏటి ఖర్చు.

వంటశాల హాలుకు విడిగా, ఆగ్నేయాన ఉంది. వాస్తు చూసిన సిద్ధాంతిగారూ, ఇంజనీరు బాబాయిగారూ ఒకే మాట అనడం అదొక్కసారే. ఎండాకాలం మాకు పడమటి గాలి, పొగ హాల్లోకి రాదు. సలహా ఇచ్చిన వంటమేస్త్రి పెద్దాయనకు కృతజ్ఞతలు. తూము దగ్గర రెండడుగుల తొట్టి, దాని ముందు జల్లెడ పెట్టించింది ఆయనే. గంజి, మెతుకులు, నూనె నేరుగా పైపులోకి పోతే రెండో పెళ్లికే అది మూసుకుపోతుంది. తొట్టిలో నూనె పైన తేలుతుంది, మెతుకులు అడుగున దిగుతాయి, మధ్యలో నీళ్లు మాత్రమే కిందికి ముంచిన పైపు గుండా బయటికి పోతాయి. ప్రతి కార్యం తర్వాత మర్నాడే చేదతో ఎత్తిపోయాలి. రెండు రోజులు ఆగితే ఆ వాసనకు ఎవరూ దగ్గరికి రారు. వంటకూ మరుగుదొడ్లకూ వేర్వేరు ట్యాంకులు, చెరి వెయ్యి లీటర్లు. ఒకటే ట్యాంకయితే ఎవరో కట్టకుండా వదిలిన కుళాయి వల్ల పప్పు ఉడికే వేళకు చుక్క ఉండదు. గ్యాసు 19 కిలోల కమర్షియల్ సిలిండర్లే, వంటశాల బయట నిలువుగా ఉంచాలి. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేలబారునే పాకుతుంది, కాబట్టి వంటశాల గోడల అడుగున కూడా జాలీలు వదిలాం.

కరెంటు పనిచేసిన అన్నకు. డెకరేషన్‌వాళ్లు సీరియల్ లైట్లూ, డీజే బాక్సులూ ఫ్యాన్ల బోర్డులోనే గుచ్చితే ముహూర్తం వేళకు మొత్తం ఆగిపోతుంది. ఆయన బయట గోడకు వేరే లైను లాగి, దానికి సబ్‌మీటరు, కరెంటు లీకైతే వెంటనే కట్టయ్యే 30 మిల్లీ ఆంపియర్ల ట్రిప్పర్ బిగించాడు. తాళం ఇచ్చేటప్పుడు ఒక రీడింగు, తీసుకునేటప్పుడు ఒక రీడింగు, చీటీ మీద ఇద్దరి సంతకాలు. తేడా యూనిట్ల డబ్బు వాడుకున్నవాళ్లదే. ఈ చీటీ లేని రోజుల్లో కరెంటు బిల్లు అద్దెను మింగేసింది. రాత్రి పదికి ఆరుబయట మైకులు ఆపాలన్నది చట్టమే, ఆ లైను కూడా పదింటికి కట్టేస్తాం. పెళ్లికొడుకు మేనమామలతో మాట పడ్డా సరే.

అందరికంటే ఎక్కువ చెప్పుకోవాల్సింది పొదుపు సంఘం అక్కలకు. కట్టడం ఒక ఏడాది పని, నడపడం రోజూ పని. తాళాలూ, రసీదు పుస్తకమూ, సామాన్ల రిజిస్టరూ వాళ్ల దగ్గరే. అద్దె పెళ్లికి 6,000, చిన్న శుభకార్యానికి 2,000, పెద్దకర్మకు 1,000. ఏ బజారువాళ్లకైనా ఒకటే రేటు, కమిటీవాళ్లకూ తగ్గింపు లేదు. గ్రామసభ, కంటి శిబిరం, పిల్లల పరీక్షల చదువు ఉచితం. పెళ్లికి 3,000 డిపాజిట్. మూఢంలో, ఆషాఢంలో పైసా రాదు, స్వీపరు జీతం మాత్రం ఆగదు. అందుకని మాఘఫాల్గుణాల్లో వచ్చినదాంట్లో నాలుగో వంతు విడిగా వేసి ముట్టుకోకూడదని అక్కలే నియమం పెట్టారు. బ్యాంకులో ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు బయటికి వస్తుంది. నెలకోసారి సంఘం మీటింగులో లెక్క పైకి చదువుతారు, చదువు రానివాళ్లకూ తెలియాలని.

సామాన్లు పోయేది దొంగతనం వల్ల కాదు, కలిసిపోవడం వల్ల. కేటరింగువాళ్ల గరిటెలూ మన గరిటెలూ ఒకే తొట్టిలో కడిగితే ఎవరివి ఎటు పోయాయో తెలియదు. అత్తగారి సంవత్సరీకం భోజనాలకు బదులు 300 స్టీలు కంచాలు ఇచ్చిన కుటుంబానికి కృతజ్ఞతలు. వాటి అడుగున ఊరి పేరు చెక్కించి ఇచ్చారు. కంచాలను 25 చొప్పున కట్టలు కట్టి ఇస్తాం, కట్టలుగానే లెక్క తీసుకుంటాం. కడగడానికి కంచానికి రెండు రూపాయలు, ఇద్దరు ఆడవాళ్లకు పని దొరికింది. థర్మాకోల్ ప్లేట్లు 2022 జూలై 1 నుంచి ఎలాగూ నిషేధం. ఇప్పుడు అవి తూములో తేలడం లేదు.

ఇంకొక్క మాట. స్క్రూలు మార్చగా మిగిలిన రబ్బరు వాషర్ల పొట్లం, రంగు డబ్బా, సీలెంటు ట్యూబు సామాన్ల గది బీరువాలో రెండో అరలో ఉన్నాయి. తొలకరికి ముందు ఒకసారి నిచ్చెన వేసి చూడాలి. వెల్డింగు తమ్ముడు వస్తానన్నాడు, నిచ్చెన పట్టుకోవడానికి ఇద్దరు కావాలి.