ఓడలో తూటా పేలితే దర్యాప్తు ఎవరి చేతిలో ఉండాలి? రక్షణ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

మరమ్మతు కోసం రేవులో కట్టేసిన ఒక యుద్ధనౌకను ఊహించండి. కాపలా డ్యూటీలో ఉన్న నావికుడు కాల్పులు జరిపాడు, ఇద్దరు చనిపోయారు. ఒకరు తోటి నావికుడు, మరొకరు వెల్డింగ్ పనికి వచ్చిన కాంట్రాక్టు కార్మికుడు. తుపాకీ ఒకటే, కాల్చిన చెయ్యీ ఒకటే. కానీ 1957 నాటి నౌకాదళ చట్టం సెక్షన్ 78 ప్రకారం ఈ రెండు చావులూ ఒకే దారిన పోవు. సైనిక చట్టాల పరిధిలో లేని మనిషిని మామూలు రోజుల్లో మన దేశంలో హత్య చేస్తే సైనిక న్యాయస్థానమైన కోర్టు మార్షల్ విచారించకూడదు, సెషన్స్ కోర్టుకే పోవాలి. యుద్ధంలాంటి క్రియాశీల సేవలో (యాక్టివ్ సర్వీస్) ఉండగానో, విదేశంలోనో, కేంద్రం నోటిఫై చేసిన చోటనో జరిగితేనే మినహాయింపు. చనిపోయింది నావికుడైతే ఆ అడ్డు లేదు, నేరం ఎక్కడ జరిగినా కోర్టు మార్షల్ చేయవచ్చు. కార్మికుడి భార్యకు సెషన్స్ కోర్టులో ఉండే హక్కులు నావికుడి భార్యకు ఎందుకు లేవో చెప్పే సమాధానం మాకు ఎక్కడా దొరకలేదు.

మేము అడిగేది ఇది. ఓడలో తుపాకీ గుండుకు ఎవరు చనిపోయినా దర్యాప్తు ఆ ఓడ అధికారుల చేతిలో ఉండకూడదు. అది మన రేవులోనో మన జలాల్లోనో జరిగితే విచారణ సెషన్స్ కోర్టులో జరగాలి.

కమాండింగ్ ఆఫీసర్ల నిజాయితీని మేము శంకించడం లేదు. వారి స్థానమే అలాంటిది. ఆ నావికుడిని ఆ రోజు సాయుధ కాపలాకు వేసిన డ్యూటీ పట్టిక ఆయన ఓడది. ఆయుధాగారం తాళాలు, రిజిస్టర్లు ఆయన బాధ్యత. సెలవు అడిగితే ఇచ్చారా, మనిషి మనసు బాగా లేదని ఎవరైనా చెప్పినా పట్టించుకున్నారా అన్న ప్రశ్నలు చివరికి ఆయన గది తలుపు దగ్గరే ఆగుతాయి. సాక్షులందరూ ఆయన కింద పనిచేసేవాళ్ళే, వాళ్ళ రేపటి ప్రమోషన్ ఆయన రాసే రిపోర్టు మీద ఆధారపడుతుంది. అలాంటి మనిషినే సాక్ష్యం కాపాడమనడం ఆయనకూ న్యాయం కాదు.

అసలు నష్టం మొదటి ఆరు గంటల్లో జరుగుతుంది. దురుద్దేశంతో కాదు, ఓడ అలవాట్ల వల్ల.

ఓడలో ఏ ఆయుధమైనా పని కాగానే ఆయుధాగారానికి తిరిగి వెళ్ళాలి, వెళ్ళగానే తుడిచి నూనె పెట్టాలి. ఉప్పుగాలిలో తుప్పు పట్టకుండా ఉండాలంటే అది మంచి అలవాటే. కాల్పులు జరిగిన రోజు మాత్రం అదే అలవాటు సాక్ష్యాన్ని తుడిచేస్తుంది. చేయాల్సింది వేరు. తుపాకీ పడి ఉన్న చోటే ఫొటో తీయాలి. తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ మీట ఏ స్థానంలో ఉందో, తూటాలు పెట్టే డబ్బా అయిన మ్యాగజైన్ పూర్తిగా ఎక్కి ఉందో లేదో ఆ ఫొటోలో కనబడాలి. తర్వాత ఒకే మనిషి చేతి తొడుగులతో మ్యాగజైన్ తీసి, పేలడానికి సిద్ధంగా తూటా కూర్చునే ఛాంబర్‌లో తూటా ఉంటే దాన్నీ తీసి, దేనికదే కాగితపు సంచిలోనో అట్టపెట్టెలోనో సీలు వేయాలి. గొట్టంలో పెన్సిలో గుడ్డో దూర్చకూడదు.

తూటాల లెక్క మరో ముఖ్య విషయం. ఇన్సాస్ రైఫిల్ మ్యాగజైన్‌లో 20 తూటాలు పడతాయి. రిజిస్టర్ ప్రకారం ఇచ్చినవి ఎన్నో అన్ని, మ్యాగజైన్‌లో మిగిలినవీ ఛాంబర్‌లో ఉన్నదీ దొరికిన ఖాళీ తూటా తొడుగులూ కలిపితే రావాలి. రాకపోతే తొడుగులు డెక్ మీది నీటి కాలువల్లోకో ఓడ అడుగున మురుగునీరు చేరే బిల్జ్‌లోకో జారి ఉంటాయి. అందుకే లెక్క తేలేదాకా బిల్జ్ పంపు వేయకూడదు, డెక్ కడగకూడదు. దొరికిన సీసపు ముక్కలను లెక్కపెట్టి ఎన్నిసార్లు కాల్చారో చెప్పడం కుదరదు. 5.56 మిల్లీమీటర్ల తూటా దగ్గరి నుంచి ఉక్కుగోడను తాకితే ముక్కలైపోతుంది, ఒక్కో ముక్క ఇంకో దిక్కుకు ఎగిరిపడుతుంది. నేరుగా తగిలిన గాయమేది, గోడకు కొట్టుకుని వచ్చి తగిలిన గాయమేది అని తేల్చడానికి గోడ మీది గీత, పెయింటు పెచ్చు, అక్కడ అంటిన సీసపు మరక కావాలి. మర్నాడే రక్తం కడిగి, గోడ గీకి, కొత్త పెయింటు వేస్తే ఆ ప్రశ్నకు జవాబు ఇక దొరకదు.

చేతుల మీది మసి ఇంకా త్వరగా పోతుంది. తుపాకీ పేలినప్పుడు తూటా అడుగున మందును అంటించే క్యాప్ నుంచి సీసం, బేరియం, యాంటిమొనీ కలిసిన సన్నని రేణువులు ఎగిరి చేతులకు అంటుకుంటాయి. బతికున్న మనిషి చేతుల మీద అవి నాలుగు నుంచి ఆరు గంటలు మాత్రమే నమ్మదగినంతగా నిలుస్తాయి, సబ్బుతో కడిగితే అప్పుడే పోతాయి. ఓడ రేవుకు రెండు రోజుల దూరంలో ఉంటే ఒడ్డు నుంచి నిపుణుడు వచ్చేదాకా ఆగి లాభం లేదు. కాబట్టి ప్రతి యుద్ధనౌకలో ఆ రేణువులను అద్ది తీసే, జిగురు పూసిన స్టబ్‌లు, కాగితపు సంచులు, స్కేలు, సీళ్ళు ఉన్న కిట్ ఒకటి ఉండాలి. దాన్ని వాడటం నేర్చినవాళ్ళు కనీసం ఇద్దరుండాలి, ఇద్దరూ ఆయుధాగారం సిబ్బంది కాకూడదు. మృతుడి చేతులకు కాగితపు సంచులే కట్టాలి. ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి మసి కరిగిపోతుంది. ఆ గదిలోకి గాలి తోసే ఫ్యాన్ ఆపాలి. యంత్రాల కోసం ఆపలేకపోతే ఏ ఫ్యాన్ ఎప్పటి నుంచి తిరుగుతోందో రాసిపెట్టాలి.

మృతదేహాన్ని కడగకూడదు, బట్టలు మార్చకూడదు. సుమారు 4 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి కానీ గడ్డకట్టనీయకూడదు, మంచు స్ఫటికాలు కణజాలాన్ని చీలుస్తాయి. పోస్ట్‌మార్టంలో కోత పెట్టకముందే ఎక్స్‌రే తీయాలి. ఆత్మహత్య అన్న మాట ఓడలో చాలా తొందరగా పుడుతుంది. రైఫిల్ పొడవు, మృతుడి చేయి పొడవు కొలిచి, చర్మం మీదా బట్టల మీదా మసి ఎంత వెడల్పున పడిందో చూసి, ఆ చెయ్యి ఆ ట్రిగ్గర్‌ను అందుకోగలదో లేదో తేల్చేదాకా ఆ మాట ఏ కాగితం మీదా రాకూడదు. ముఖ్యంగా ఇంటికి చేసే ఫోన్‌లో రాకూడదు. ఆ ఒక్క మాట ఒక తల్లిని జీవితమంతా కాల్చేస్తుంది.

సాక్షుల సంగతి చెప్పనక్కర్లేదు. ఒకే మెస్‌లో తిని ఒకే చోట పడుకునేవాళ్ళ జ్ఞాపకాలు ఒక్క రాత్రిలో కలిసిపోతాయి. ఎవరి వాంగ్మూలం వాళ్ళ దగ్గర విడిగా, వీడియోలో, పై అధికారి గదిలో లేకుండా తీసుకోవాలి.

ఒడ్డు మీద ఈ పనిలో చాలా భాగాన్ని ఇప్పుడు చట్టమే చేయిస్తోంది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 176 ప్రకారం ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరమైతే ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనా స్థలానికి రావాలి, వీడియో తీయాలి. రాష్ట్రాలు దీన్ని ఐదేళ్ళలో అమల్లోకి తేవాలి. సెక్షన్ 194 కింద అనుమానాస్పద మృతికి శవపంచనామా తప్పదు. సెక్షన్ 193 ప్రకారం దర్యాప్తు ఎంతదాకా వచ్చిందో 90 రోజుల్లో బాధితులకు చెప్పాలి. నౌకాదళ చట్టంలో ఫోరెన్సిక్ నిపుణుడి ప్రస్తావన లేదు, కుటుంబానికి గడువు పెట్టి సమాచారమిచ్చే సెక్షనూ లేదు.

రహస్య పరికరాలున్న ఓడలోకి పోలీసులను ఎలా రానిస్తామని అడుగుతారు. 2011 ఏప్రిల్ 8న బ్రిటన్‌లోని సౌతాంప్టన్ రేవులో అణు జలాంతర్గామి అస్ట్యూట్‌లో ఒక నావికుడు కాపలా తుపాకీతో కాల్పులు జరిపాడు. ఆపబోయిన లెఫ్టినెంట్ కమాండర్ ఇయాన్ మోలినూ చనిపోయారు. ఆ కేసును దర్యాప్తు చేసింది హ్యాంప్‌షైర్ పోలీసులు, శిక్ష వేసింది పౌర న్యాయస్థానమైన వించెస్టర్ క్రౌన్ కోర్టు. జీవిత ఖైదు, కనీసం 25 ఏళ్ళు. అణు జలాంతర్గామిలో కుదిరింది మన ఫ్రిగేట్‌లో కుదరదా? రహస్య గదులను మూసి, మిగతా దారిలో అనుమతి ఉన్న అధికారి వెంట తీసుకెళ్ళడం కష్టమైన పని కాదు.

ఆ కేసు ఇంకో పాఠం కూడా చెప్పింది. ఆ నావికుడు అంతకుముందు విపరీతంగా తాగి ఉన్నాడు. అలాంటి మనిషి చేతికి తుపాకీ వెళ్ళింది. తర్వాత బ్రిటన్ ఆయుధ విధుల్లో ఉన్నవాళ్ళకు మద్యం పరిమితిని చట్టంలో పెట్టింది. మన దగ్గరి ఉదాహరణ ఇంకా పాతది. నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన 1959 నాటి కేసులో, ఆ అధికారి తన ఓడ స్టోర్ నుంచి అబద్ధపు కారణం చెప్పి ఒక రివాల్వర్, 6 తూటాలు తీసుకున్నాడని 1961 నవంబర్ 24న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు నమోదు చేసింది. ఆ రోజు స్టోర్‌లో ఇంకొక అధికారి సంతకం కూడా తప్పనిసరై ఉంటే, కనీసం ఒక ప్రశ్న అడిగి ఉండేవాళ్ళు. ఆయుధం ఇచ్చే చోట ఊపిరి పరీక్ష, రెండో సంతకం, డ్యూటీ పట్టికతో పేరు సరిచూడటం, ఈ మూడూ తప్పనిసరి చేయండి. దీనికి రెండు నిమిషాలకు మించి పట్టదు.

ఇక విచారణ. నౌకాదళ కోర్టు మార్షల్‌లో ఐదుగురి నుంచి తొమ్మిదిమంది దాకా అధికారులు కూర్చుంటారు. న్యాయం చదివిన ట్రయల్ జడ్జ్ అడ్వొకేట్ సలహా ఇస్తారు, తీర్పులో ఆయనకు ఓటు లేదు. క్రమశిక్షణ కేసులకు ఈ పద్ధతి సరిపోతుంది. హత్య కేసులో తూటా దారి గురించి, మసి రేణువుల గురించి నిపుణులను రోజుల తరబడి అడ్డప్రశ్నలు వేసే చోట, అదే పనిలో ఏళ్ళు గడిపిన సెషన్స్ జడ్జి కావాలి. సిక్కింలో ఒక సైనికుడు సర్వీసు తుపాకీతో తోటి సైనికుడిని చంపాడన్న కేసులో, అతణ్ణి కమాండింగ్ ఆఫీసర్ పోలీసులకు అప్పగించారు. ఆ విచారణ సెషన్స్ కోర్టులోనే జరగాలని 2022 ఫిబ్రవరి 1న సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో సైన్యం క్రమశిక్షణ ఏమీ చెడిపోలేదు. కాకపోతే అక్కడ అది ఆ అధికారి ఇష్టం మీద జరిగింది. న్యాయం ఒకరి ఇష్టం మీద ఆధారపడకూడదనే మేము అడుగుతున్నాం.

కెనడాలో దేశం లోపల జరిగిన హత్యను సైనిక కోర్టు విచారించకూడదు. దక్షిణ కొరియా 2022 జులై 1 నుంచి సైనికుల మృతికి కారణమైన నేరాలను పౌర న్యాయస్థానాలకు ఇచ్చేసింది. అమెరికా హత్య కేసుల్లో ప్రాసిక్యూషన్ నిర్ణయాన్ని 2023 డిసెంబర్ చివరి నుంచి కమాండర్ల చేతిలోంచి తీసేసింది. వీళ్ళెవరి నౌకాదళమూ బలహీనపడలేదు.

మృతుడి కుటుంబానికి సెషన్స్ కోర్టులో తమ లాయర్‌ను పెట్టుకునే వీలుంది, నిందితుడు విడుదలైతే అప్పీలు చేసే హక్కుంది. కోర్టు మార్షల్‌లో శిక్షపడ్డవాడికి 2007 చట్టం సాయుధ దళాల ట్రిబ్యునల్‌ను ఇచ్చింది. చనిపోయినవాడి కుటుంబం పేరు మాత్రం అందులో స్పష్టంగా రాయలేదు. విచారణ ఏ కోర్టులో జరిగినా, నౌకాదళం తన లోపల జరిపే బోర్డ్ ఆఫ్ ఎంక్వైరీ నివేదిక, పోస్ట్‌మార్టం నివేదిక, ఆయుధ రిజిస్టర్ నకలు కుటుంబానికి ఇవ్వాలి. రహస్యమైన వాక్యాలుంటే వాటిని మాత్రం నల్లగా కొట్టేసి మిగతాది ఇవ్వండి.

సెక్షన్ 78ను మార్చాలంటే పార్లమెంటుకు వెళ్ళాలి, సమయం పడుతుందని మాకు తెలుసు. సాక్ష్యాన్ని కాపాడే నియమాలకు అంతదాకా ఆగనక్కర్లేదు. నౌకాదళ చట్టం సెక్షన్ 184 కింద కేంద్రం వాటిని ఇప్పుడే చేయవచ్చు. ప్రతి ఓడకూ సాక్ష్య సేకరణ కిట్, ఆయుధం ఇచ్చే చోట ఊపిరి పరీక్ష, మృతి జరిగిన వెంటనే దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వైర్‌లెస్‌లో సమాచారం, ఆ ఓడతో సంబంధం లేని దర్యాప్తు అధికారి. ముందుగా ఈ నాలుగింటి మీద ఉత్తర్వు ఇవ్వండి, సెక్షన్ 78 సవరణ బిల్లును తర్వాతి సమావేశాలకు తీసుకురండి.

ఇట్లు,
నౌకాదళ న్యాయం, ఆయుధ భద్రత, ఫోరెన్సిక్ పనులు తెలిసిన పౌరులం