చిన్న బోటును తీసేయొద్దు

సంపాదకులకు,

నేవీలో కేడెట్లకు నేవిగేషన్ నేర్పే చిన్న బోట్లు ఇక దండగ, సిమ్యులేటర్లు (ఓడ నడుపుతున్నట్టే కంప్యూటర్లతో తయారుచేసిన గదులు) చాలు అంటూ మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు రాశారు. అలాంటి బోటు మీదే దారి కనుక్కోవడం నేర్చుకున్నవాణ్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

అది మా రెండో రాత్రి. వాంతులతో కడుపు ఖాళీ అయింది. చార్ట్, అంటే సముద్రపు మ్యాపు, పరిచే టేబుల్ దగ్గర మసక ఎర్ర లైటు ఒక్కటే. బోటు ఒరిగినప్పుడల్లా ప్యారలల్ రూలర్ చార్ట్ మీద జారిపోతోంది, మోచేత్తో అదిమిపెట్టి గీతలు గీస్తున్నాను. రెండు లైట్‌హౌస్‌లకు, ఒక కొండకొమ్ముకు బేరింగులు తీశాను, అంటే అవి ఏ దిక్కున ఉన్నాయో కంపాస్‌తో చూశాను. వాటిని బట్టి గీసిన మూడు గీతలు బోటు ఉన్న ఒక్క చోట కలవాలి. కలవలేదు, మధ్యలో పెద్ద త్రికోణం మిగిలింది. చెయ్యి వణికి అలా వచ్చిందనుకుని దాని నడుమ చుక్క పెట్టేశాను.

ఇన్‌స్ట్రక్టర్ ఒకే మాట అడిగారు: "లోతు చూశావా?"

నా చుక్క దగ్గర చార్ట్‌లో ఉన్నది 40 మీటర్లు. నీటి లోతు కొలిచే ఎకో సౌండర్ 12 చూపిస్తోంది! గుండె జారిపోయింది. కంపాస్ చూపే ఉత్తరానికి, అసలు ఉత్తరానికి ఉండే తేడాను వేరియేషన్ అంటారు. అక్కడ పడమర వేరియేషన్ 4 డిగ్రీలు తీసేయాల్సింది పోయి కలిపాను, అంటే ప్రతి గీతా 8 డిగ్రీలు తప్పు. 10 నాట్ల (గంటకు 10 నాటికల్ మైళ్ల) వేగంతో పోయే బోటు 6 నిమిషాల్లో ఒక నాటికల్ మైలు దాటేస్తుంది. నేను గీతలు చెరిపి మళ్లీ గీసేలోపు ఒడ్డు అంత దగ్గరికి వస్తుందన్నమాట. ఆ టెన్షన్ ఏ సిమ్యులేటర్ గదిలోనూ పుట్టదు. అక్కడ తప్పు చేస్తే రీసెట్ కొడతారు.

నేను సిమ్యులేటర్‌కు వ్యతిరేకం కాదు. రద్దీ రేవులోకి వందసార్లు వెళ్లి రావడం అందులోనే కుదురుతుంది. కానీ అది బోటుకు తోడుగా ఉండాలి, బదులుగా కాదు.

అమెరికా నేవీ 2003లో కొత్త ఆఫీసర్లకు తరగతి గదిలో చెప్పే కోర్సు ఎత్తేసి, పాఠాల సీడీలు చేతికిచ్చి ఓడల మీదికి పంపింది. 2017లో రెండు నెలల తేడాలో ఫిట్జ్‌గెరాల్డ్, జాన్ ఎస్. మెక్‌కెయిన్ అనే రెండు యుద్ధనౌకలు వాణిజ్య ఓడలతో ఢీకొని 17 మంది చనిపోయారు. కారణాలు చాలానే ఉన్నా, నౌకను నడిపే ప్రాథమిక నైపుణ్యాల్లో లోపం ఉందని ఆ నేవీయే ఒప్పుకుంది. అక్కడి నేవల్ అకాడమీ నక్షత్రాలను బట్టి దారి కనుక్కునే పాఠాన్ని వదిలేసి, 2015లో మళ్లీ మొదలుపెట్టింది. జీపీఎస్ సిగ్నల్‌ను శత్రువు అడ్డుకోగలడన్న భయం దానికి ఒక కారణం. ఆ అకాడమీలో ఈనాటికీ వైపీలనే చిన్న గస్తీ బోట్లు కేడెట్ల కోసమే తిరుగుతున్నాయి. బ్రిటన్‌లో కూడా 20 మీటర్ల ఆర్చర్ రకం బోట్ల మీద ఎన్నో ఏళ్లుగా యూనివర్సిటీ విద్యార్థులు ఈ పని నేర్చుకున్నారు.

పెద్ద ఓడ బ్రిడ్జ్ (ఓడను నడిపే చోటు) మీద కేడెట్ చేసిన లెక్కను సరిచూసేవాళ్లు నలుగురుంటారు. చిన్న బోటులో అతను గీసిన గీత మీదే బోటు తిరుగుతుంది. ఆ తేడాను ఖర్చు లెక్కల్లో చూపించలేం.

పాతబడిన బోటును మార్చండి, మంచి ఇంజన్, రాడార్ పెట్టండి. చార్ట్ టేబుల్‌ను, కంపాస్‌ను మాత్రం ఉంచండి. ప్రతి కేడెట్ చేతా కనీసం ఒక్క రాత్రి, జీపీఎస్ తెర మీద గుడ్డ కప్పి బోటు నడిపించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నావికుడు